గోల్ఫు ఆటస్థలమును నీటి లెక్కయును

మేము గోల్ఫు ఆడువారము కాము. ఆ ఆటలోని మెలకువలను గూర్చి తీర్పు చెప్పు సాహసమును చేయము. అయినను నేడు ఒక గోల్ఫు ఆటస్థలమును గూర్చి చదువరులతో కొంత ముచ్చటింపదలచితిమి. అందుకు కారణము బంతియు కర్రయు కాదు, నీరు. పట్టణమునకు దూరముగా ఒక విశ్రాంతి విడిది వెలసినచో దాని ప్రక్కన పదునెనిమిది గుంటల ఆటస్థలము ఉండితీరవలెననియు, అది చైత్రమనక జ్యేష్ఠమనక ఏడాది పొడుగునను చిలుకరెక్కవలె పచ్చగా ఉండవలెననియు ధనికలోకమున ఒక నమ్మకము పాతుకొనియున్నది. ఈ నమ్మకము మన దేశమునకును దిగుమతియైనది. కాని దానిని మనకంపిన అమెరికాలోనే, అక్కడి మిక్కిలి ప్రసిద్ధమైన విడిదులలో ఒకదానియందే, అది తప్పని తేలినది. ఆ వృత్తాంతము మన విడిదుల యజమానుల చెవికి ఇంకను చేరినట్లు కానరాదు.

ఉత్తర కెరొలైనా రాష్ట్రమున, మూర్ కౌంటీలో, పైన్‌హర్‌స్టు అను గ్రామము కలదు. రాష్ట్ర రాజధానియగు రాలీ నగరమునకు నైరుతి దిక్కున సుమారు 70 మైళ్ల దూరము. రాలీ ప్రక్కనున్న కేరీ, మోరిస్‌విల్ పట్టణములలో మన తెలుగువారు పెక్కుమంది కాపురముండుటచేత ఈ పేరు కొందరు చదువరులు బంధువుల నోట విన్నదే కావచ్చును. ఆ గ్రామపు విడిదికి ఒకటి రెండు కాక అనేక ఆటస్థలములున్నవి. వానికి పేర్లు పెట్టక అంకెలు వేసినారు. అందులో రెండవ నంబరుదే కీర్తి యంతయు. అమెరికా దేశపు జాతీయ ఛాంపియన్‌షిప్పు అనదగిన యూ.ఎస్. ఓపెన్ పురుషుల పోటీ అక్కడ 1999, 2005, 2014, 2024 సంవత్సరములలో నాలుగుమారులు జరిగినది.

ఆ సీమ నేల ఇసుకనేల. నీరు నిలువదు, ఎరువు నిలువదు. పూర్వము అక్కడ నిడుపైన సూదులవంటి ఆకులు గల పైన్ చెట్ల అడవి ఉండెను. అమెరికా దక్షిణభాగమున ఒకప్పుడు ఈ అడవి సుమారు తొమ్మిది కోట్ల ఎకరములు ఆక్రమించియుండెను. నేడు మిగిలినది అందులో కొలది పాలే. చెట్టునకు గాటుపెట్టి బంక తీసి, దానినుండి టర్పెంటైన్ నూనెను గుగ్గిలమును దింపిరి. కట్టెను కాల్చి తారు తీసి ఓడలవారికి అమ్మిరి. చాలకాలము ఈ పనిని నల్లజాతి బానిసల చేత చేయించిరి. బంక అయిపోయిన పిమ్మట చెట్లను కలపకొరకు నరికిరి. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి ఆ ప్రాంతమున కంటికి కనబడునవి మొద్దులును ఇసుకయును మాత్రమే.

అట్టి నేలను 1895వ సంవత్సరమున బోస్టను నగరవాసియగు జేమ్స్ వాకర్ టఫ్ట్స్ అను వర్తకుడు ఎకరా ఇంచుమించు ఒక డాలరు చొప్పున అయిదువేల ఎకరములకు పైబడి కొనెను. ఈయన సోడా యంత్రములు చేసి అమ్మి ధనము కూడబెట్టినవాడు. శరీరారోగ్యము అంతగా లేనివాడగుటచేత, ఉత్తరాది చలికి తాళలేని సామాన్యులకు, ముఖ్యముగా క్షయవ్యాధి నుండి కోలుకొనుచున్నవారికి, ఒక ఆరోగ్యగ్రామమును నిర్మింపవలెనని ఆయన సంకల్పము. న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కును రూపొందించిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ గారి సంస్థ గ్రామమునకు నమూనా గీసెను. క్షయ అంటువ్యాధియని తేలినతోడనే ఆ రోగులకు ప్రవేశము నిషేధమాయెను. ఆరోగ్యగ్రామము క్రమముగా సంపన్నుల విహారగ్రామమైనది. ధర్మకార్యముగా మొదలైనవి ఎన్ని ఇట్లు దారి మరలలేదు! టఫ్ట్స్ గారి యెడల మాత్రము మాకు గౌరవము తగ్గలేదు. మొద్దుల బయలులో మరల చెట్లు నాటించినవాడాయన.

గోల్ఫు అక్కడికి వచ్చిన తీరు వినోదకరమైనది. 1897 ప్రాంతమున విడిదికి వచ్చిన అతిథులు కొందరు పాలపశువులు మేయు బీటిలో బంతులు కొట్టుచు ఆవులను బెదరగొట్టుచున్నారని ఫిర్యాదు వచ్చెనట. వారిని వారించుటకు మారుగా టఫ్ట్స్ గారు వారికి ఒక ఆటస్థలమునే ఏర్పరచిరి. 1900 డిసెంబరులో డొనాల్డ్ రాస్ అను యువకుని ఆటస్థలముల అధికారిగా నియమించిరి. ఈ రాస్ స్కాట్లండు ఈశాన్యతీరమునందలి డోర్నాక్ గ్రామమువాడు. సముద్రపుటిసుక, గాలి, బిరుసుగడ్డి, వీనినడుమ పెరిగినవాడు గనుక కెరొలైనా ఇసుకను చూచి ఆయనకు పుట్టినయూరే గుర్తు వచ్చియుండును. 1907లో రెండవ నంబరు ఆటస్థలమును పదునెనిమిది గుంటలతో పూర్తిచేసెను. అమెరికాలో వందలకొలది ఆటస్థలములను రూపొందించియు, 1948లో మరణించువరకు ఆయన దీనిని మాత్రము మరల మరల దిద్దుచునే యుండెను. ఆయన ఇల్లు దీని ప్రక్కనే.

ఆట తెలియనివారికి ఒక మాట. ప్రతి గుంటకును మొదట బంతిని కొట్టు చోటు ఒకటి, నడుమ పొడవైన పచ్చిక దారి, చివర మిక్కిలి నున్నగా కత్తిరించిన గడ్డిమట్టు, ఆ మట్టులో గుంట ఉండును. రెండవ నంబరున గడ్డిమట్లు బోర్లించిన మూకుళ్లవలె నుండును. దూరమునుండి కొట్టిన బంతి మూకుడు నడినెత్తిన పడినచో నిలుచును. కొంచెము ప్రక్కకు పడినచో జారి పల్లములోనికి దొర్లును. లోకప్రసిద్ధులైన ఆటగాండ్రు సయితము మరల మరల అచ్చట తలపట్టుకొనుట ఇందువలననే. 1935 ప్రాంతము వరకు ఆ మట్లపై గడ్డియే లేదు. నూనె కలిపి చదునుచేసిన ఇసుకపైననే ఆడిరి. వేసవివేడికి తాళగల గడ్డి దొరకిన పిమ్మటనే వానిపై పచ్చదనము వచ్చినది. ఆటస్థలమునకు పచ్చదనము ప్రాణమని వాదించువారు ఈ సంగతి నొకింత ఆలోచింపవలెను. ఇంచుమించు ముప్పది సంవత్సరములు ఇసుకమట్లమీద ఆడి కీర్తిగాంచిన స్థలమిది.

రాస్ గారి కాలమున పచ్చిక దారికి ఇరువైపుల ఏమి యుండెనన, ఇసుకయు, రాలిన పైన్ సూదులును, తీగవలె సన్నగా బిరుసుగా పెరుగు వైర్‌గ్రాసు అను అడవిగడ్డియు. ఈ గడ్డి పైన్ అడవులతో కూడ పుట్టి కూడ బ్రతుకునది; అప్పుడప్పుడు అడవికి నిప్పు తగిలి కాలిన పిమ్మటనే చక్కగా పూచి విత్తనము పట్టును. దారి తప్పిన బంతి ఒక్కొక్కప్పుడు బయలు ఇసుకపై పడును, ఒక్కొక్కప్పుడు గడ్డిదుబ్బు మొదట చిక్కును. ఆ అనిశ్చయమే ఆటలోని రుచి.

1970లో టఫ్ట్స్ వంశమువారు ఆ యావదాస్తిని ఒక వ్యాపారసంస్థకు అమ్మిరి. అంతటితో కథ మారినది. రంగుల టెలివిజనున చూచువానికి పచ్చదనమే అందమని ఆ కాలపు వ్యాపారుల సిద్ధాంతము. ఇసుకను కప్పివేసిరి. వైర్‌గ్రాసును పెరికివేసిరి. దారికి ఇరుప్రక్కల పైన్ చెట్ల మొదళ్లదాక బెర్ముడా గడ్డి పరచి, దానిని నిలుపుటకు నేలలో గొట్టములు పాతి, వేయికి మించిన నీటిచిమ్ములను అమర్చిరి. 1984లో ఆస్తి మరల చేతులు మారినది. కాని పచ్చరంగు వ్యామోహము మారుటకు మరి పాతికేండ్లు పట్టినది.

ఈ బెర్ముడా గడ్డి యనునది ఎక్కడిదో విదేశపు వింతవస్తువని మన చదువరులు తలపవలదు. అది మన గరికయే. గోల్ఫు స్థలములలో వాడునవి గరికయు, గరికకు మరియొక దగ్గరి జాతితో కలిపి పుట్టించిన సంకరములును. వినాయకచవితినాడు దోసిట పట్టి పూజించు ఆ గరిక గుణము మన రైతులకు నేర్పనక్కరలేదు. ఎండిన గట్టుమీద, బండిబాట నడుమ, నీరు పోయువాడు లేకయే బ్రతుకును. ఎండకు వాడి గోధుమవన్నెకు తిరుగును. చచ్చినదనుకొన్న నాడు నాలుగు చినుకులు పడిన మరల చిగిరించును. పొలమున పడినచో వేరు తీయలేక రైతు కన్నీరు పెట్టును. అట్టి గడ్డికి వేయి నీటిచిమ్ములు పెట్టి రేయింబవళ్లు తడుపుట కంటె విపరీతము మరియొకటి యుండునా?

2010లో విడిది యజమానులు తమ తప్పు తెలిసికొనిరి. బిల్ కూర్, బెన్ క్రెన్షా అను ఇద్దరు నిర్మాతలను పిలిపించి, రాస్ గారి నాటి రూపమును తిరిగి తెమ్మని కోరిరి. వారికి రెండు ఆధారములు దొరకినవి. ఒకటి, 1943వ సంవత్సరమున క్రిస్మసు దినమున సైనిక విమానమునుండి తీసిన ఛాయాచిత్రములు. వానిలో ఇసుక ఎక్కడ, గడ్డి ఎక్కడ అనునది స్పష్టముగా కానవచ్చెను. రెండవది నేలలోనే పాతియున్న పాత నీటిగొట్టము. రాస్ గారి కాలమున ఒక్కొక్క దారికి నడుమ ఒకే వరుస గొట్టముండెడిది. ఆ గొట్టము వెంబడి నడచుచు, దానినుండి నీరు చిమ్మగలిగినంత మేర కొలిచి, పూర్వపు దారుల మధ్యరేఖను కనుగొనిరి. త్రవ్వకములలో దొరకిన శాసనమును బట్టి ఊరి హద్దులు నిర్ణయించిన పండితుల పని వంటిది వారి పని.

పిమ్మట వారు చేసినది చేర్చుట కాదు, తీసివేయుట. సుమారు 35 ఎకరముల గడ్డిని పెరికి బయలు ఇసుకను మరల పైకి తెచ్చిరి. అందులో లక్షలకు చేరు వైర్‌గ్రాసు మొక్కలను చేతితో నాటించిరి. నీటిచిమ్ములను 1,150 నుండి 450కి తగ్గించిరి. నడుమ ఉన్న వరుసనుండి చిమ్మిన నీరు అంచులకు సరిగా చేరదు. కావున దారి నడుమ గడ్డి పచ్చగా నుండి, అంచులకు పోయినకొలది పలుచబడి, పసుపు తిరిగి, గోధుమవన్నెయై, తుదకు ఇసుకలో కలిసిపోవును. ఎక్కడ ఆటస్థలము ముగిసెనో ఎక్కడ అడవి మొదలయ్యెనో గీతగీసి చూపుట కష్టము. 2011 వసంతమున ఆటస్థలమును మరల తెరచిరి.

ఇక నీటి లెక్క. విడిదివారు ప్రకటించినదానిబట్టి, పూర్వము ఈ యొక్క ఆటస్థలమే సంవత్సరమునకు సుమారు 5 కోట్ల 50 లక్షల అమెరికా గాలనుల నీటిని త్రాగెడిది. మార్పు పిమ్మట అది 1 కోటి 50 లక్షల గాలనులకు దిగినది. మన కొలతలో చెప్పవలెనన్న, దాదాపు 21 కోట్ల లీటర్లు వాడుచోట 6 కోట్లకు లోపుగా సరిపోయినది. మిగిలినవి సుమారు 15 కోట్ల లీటర్లు. మన ప్రభుత్వమువారి జల్ జీవన్ మిషన్ గ్రామీణుడొక్కనికి దినమునకు 55 లీటర్లు ఇయ్యవలెనని ప్రమాణము పెట్టినది. ఆ ప్రమాణమున లెక్కించినచో, ఒక్క ఆటస్థలమున మిగిలిన నీరు ఏడున్నరవేల మందికి ఏడాది పొడుగునను చాలును. ఇది వట్టి పోలికయే. కెరొలైనా నీరు మన పల్లెలకు రాదు. కాని పచ్చరంగు అనునదానికి వెల ఎంతయో తెలియుటకు ఇంతకంటె తేలికయైన లెక్క మాకు తోచలేదు. మరియు, పైన్‌హర్‌స్టున ఏటికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన కురియును. మన అనంతపురమున అందులో సగమైనను కురియదు. వాన కలిగినవాడు పొదుపు నేర్చినాడు.

2014 జూన్ మాసమున యూ.ఎస్. ఓపెన్ పురుషుల పోటీయు, మరుసటి వారముననే స్త్రీల పోటీయు ఈ స్థలముననే జరిగినవి. ఒకే స్థలమున వరుసవారములలో రెండును జరుగుట అదియే ప్రథమము. పురుషులలో జర్మనీ దేశీయుడగు మార్టిన్ కైమర్ ఎనిమిది దెబ్బల ఆధిక్యముతో గెలిచెను. స్త్రీలలో మిషెల్ వీ గెలిచెను. టెలివిజనున చూచినవారిలో కొందరు, ఇదేమి బీడు, ఇదేమి ఎండుగడ్డి యని ముక్కు చిట్లించిరి. అలవాటుపడిన కంటికి అట్లే తోచును. కాని పోటీల నిర్వాహకులు ఆ మాటలకు చలింపలేదు. తరువాతి కాలమున పైన్‌హర్‌స్టును తమ స్థిరస్థానములలో మొదటిదిగా ప్రకటించిరి. 2024లో మరల పోటీ జరిగినపుడు చివరి గుంటకడ బ్రైసన్ డీషాంబో బంతి ఇసుకలో చిక్కెను. ఇంచుమించు 55 గజముల దూరమునుండి దానిని పైకెత్తి గుంట సమీపమున దించి, ఒకే దెబ్బ తేడాతో రోరీ మెకిల్రాయిని ఓడించెను. ఆ నాటి ఆటను చూచినవారెవరును ఎండుగడ్డిని గూర్చి మాటలాడినట్లు మేము వినలేదు.

ఇంతవరకు మేము చెప్పినది మెచ్చుకోలు. ఇక చెప్పబోవునది మెచ్చుకోలు కాదు.

ఈ ఆటస్థలమున యజమానులును ఆటగాండ్రును తెల్లవారు; సంచులు మోసిన కాడీలు నల్లవారు. వృత్తి ఆటగాండ్ర సంఘమగు పీజీఏ ఆఫ్ అమెరికా నిబంధనలలో 1934 నుండి 1961 వరకు తెల్లజాతివారే సభ్యులుగా నుండవలెనను షరతు ఉండెను. 1936లో ఆ సంఘపు ఛాంపియన్‌షిప్పును, 1951లో అప్పట్లో అమెరికా బ్రిటనుల నడుమ జరుగుచుండిన రైడర్ కప్పును ఈ రెండవ నంబరుననే జరిపిరి. ఏ గడ్డిమట్టు ఎటు వాలునో, ఏ దెబ్బకు ఏ కర్ర తగునో అందరికంటె బాగుగా తెలిసినవారు కాడీలు. తమ విద్యను ఇతరుల చెవిలో చెప్పి, బహుమానము ఇతరులు పుచ్చుకొనుచుండగా చూచినవారు. విల్లీ మక్రే అను నాతడు 1943లో పదియేండ్ల బాలుడుగా సంచి భుజమున వేసికొని, 2018లో మరణించువరకు పైన్‌హర్‌స్టు కాడీగానే యుండెను. డెబ్బది అయిదేండ్లు! కాడీల కీర్తిమందిరమున ఆయనకు స్థానమిచ్చిరి. అది సంతోషకరమే. కాని ఆయన బాల్యమున ఆ గడ్డిపై ఆటగానిగా కాలుపెట్టు వీలు ఆయన జాతికి లేకుండెను.

ఆ గ్రామపు హద్దునానుకొని జాక్సన్ హామ్లెట్ అను నల్లజాతివారి పల్లె కలదు. విడిదిలో వంటచేసినవారు, గదులు తుడిచినవారు, సంచులు మోసినవారు అక్కడ తరతరములుగా కాపురముండిరి. గ్రామపు సరిహద్దు ఆ పల్లెను తాకి పోవునే గాని లోనికి చేర్చుకొనలేదు. అందుచేత గ్రామపాలనలో వారికి ఓటు లేదు. 2005లో యూ.ఎస్. ఓపెనునకు వేలాది ప్రేక్షకులు దిగినపుడు పత్రికలవారు కనుగొన్న విశేషమేమన, వేయికి మించిన నీటిచిమ్ములు గల ఆటస్థలమునకు కూతవేటు దూరమున, ఇండ్లకు మురుగుగొట్టములు లేని పల్లె యొకటి యున్నదని! ఆ వార్త ప్రచురమై, న్యాయవాదులు పూనుకొని, పల్లెవారు గట్టిగా పట్టుపట్టిన పిమ్మట, ప్రభుత్వధనముతో ఆ పనులు సాగినవి. గడ్డికి గొట్టములు వేయుటకు 1970వ దశకమున లేని అడ్డంకి, మనుష్యులకు గొట్టములు వేయుటకు 2005 దాక ఎట్లు వచ్చెనో ఆ గ్రామపెద్దలే చెప్పవలెను.

మన వంక చూతము. విశాఖపట్టణమున ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఆటస్థలము చాల పాతది. హైదరాబాదున గోల్కొండకోట నయాఖిల్లాలోనే ఒక ఆటస్థలము కలదు. దానికిని చారిత్రక కట్టడముల ప్రియులకును నడచిన తగవు నగరవాసులెరిగినదే. ఆట ఆడువారిపై మాకు అసూయ లేదు. నాలుగు గంటలు ఎండలో నడచు ఆట అది. మన ధనికులు నడచుట దేశమునకు మేలే. కాని విడిదుల పత్రికా ప్రకటనలలో ఎన్ని గుంటలు, ఎన్ని ఎకరములు, ఏ విదేశీయుడు రూపొందించెను అను వివరములుండును గాని, ఎన్ని లీటర్లు, ఏ చెరువునుండి, ఏ బోరునుండి అను వివరము కానరాదు. పైన్‌హర్‌స్టువారు తమ చిమ్ముల సంఖ్యను, గాలనుల లెక్కను లోకమునకు వెల్లడించిరి; వెల్లడించినందున వారి గౌరవము పెరిగినదే గాని తరుగలేదు. అనుమతులిచ్చు అధికారులు ఆ రెండంకెలను దరఖాస్తులోనే వ్రాయించినచో ప్రజలకు చర్చించు వీలు కలుగును. వేసవిలో ట్యాంకరు కొరకు బిందెలు వరుసపెట్టు ఊరి ప్రక్కన ఆ చర్చ జరుగుట న్యాయము.

2029 జూన్ మాసమున పురుషుల పోటీయు స్త్రీల పోటీయు మరల వరుసవారములలో పైన్‌హర్‌స్టున జరుగవలసియున్నవి. కేరీ, మోరిస్‌విల్‌ల నుండి మన బంధువులు పెక్కురు పోయి చూతురనుటలో సందేహము లేదు. పోవువారికి మాదొక మనవి. పదునెనిమిదవ గుంటకడ గుంపులో నిలిచి వచ్చుటతో తృప్తిపడక, ఆటస్థలపు అంచున, గొట్టపునీరు అందక నిలిచిపోవు చోట, మన గరిక ఏ వన్నెన ఉన్నదో చూచి మాకొక లేఖ వ్రాయవలెనని కోరుచున్నాము.